మెరాబు తాగిన దగ్గుమందు

రెవరెండ్ యైరో ముగరూర పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఎవరో ఒకరు కూర్చుని ఉండటం మామూలే. ఆ రోజు ఇద్దరున్నారు. ఒకామె మొగుడి మీద ఫిర్యాదు తెచ్చింది. ఇంకొకాయన మేనమామ చావు కబురు తెచ్చాడు. ఇద్దరికీ తన పనే ముందు కావాలి.

"పోయినాయన ఇక యాడికీ పోడుగా అయ్యగారూ. ముందు నా సంగతి చూడండి," అంది ఆమె.

"నీ మొగుడు మాత్రం యాడికి పోతాడు? పదేళ్ళ నుంచీ పోతాననే అంటన్నాడు," అన్నాడు ఆయన.

ముగరూర ఇద్దరికీ జొన్న అంబలి పోయించాడు. మొగుడి సంగతి దారిలో నడుస్తూ విన్నాడు, శవాన్ని మధ్యాహ్నానికి సమాధి చేశాడు. తిరిగి వస్తూ బడి కమిటీలో కూర్చుని కొత్త మరుగుదొడ్డి ఎక్కడ తవ్వాలో తేల్చాడు. సాయంత్రం పిల్లలకు పది ఆజ్ఞలు వల్లె వేయించాడు. వ్యభిచరించవద్దనే ఏడో ఆజ్ఞ దగ్గర వెనక బెంచీ నవ్వకుండా కళ్ళతోనే ఆపాడు. కిగేజీ కొండల్లో న్యకిషోజి పారిష్ గురువుగారంటే ఆదివారం తెల్లంగీ వేసుకుని ప్రసంగం చెప్పే మనిషని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఆదివారం మాత్రమే గుడికి వచ్చే రకం అన్నమాట. ఆ ఆదివారమైనా ప్రసంగంతో తీరదు. ఆరాధన అయ్యాక కానుకగా వచ్చిన కోళ్ళనూ గుడ్లనూ క్యాబేజీలనూ మెట్ల మీద నిలబడి వేలం వేయాలి. వేలంలో ఆయన గొంతు ప్రసంగంలో కంటే బాగుంటుందని ఊళ్ళో పేరు. పారిష్ వాళ్ళు ఆయనకొక మోటారు సైకిలు ఇచ్చారు. దిగుడులో అది ఆయన్ను మోసేది, ఎక్కుడులో ఆయన దాన్ని మోసేవాడు.

మోసేటప్పుడు వెనక చెయ్యి వేసి తోసేవాడు జెబులోని. పెద్ద గుడికి ఉపదేశి. పొద్దున్నే డోలు కొట్టి ఊరిని లేపడం, పాట ఎత్తుకోవడం, అయ్యగారు వేరే కొండ మీదికి పోయినప్పుడు ప్రార్థన నడపడం, రోగుల ఇళ్ళకు ప్రభువు రొట్టెనూ ద్రాక్షారసాన్నీ తీసుకుపోయే బల్ల పెట్టె మోయడం, అన్నీ అతనే. చేతికి అలవాటైన చిన్న చెక్కపెట్టె అది: గిన్నె, పళ్ళెం, రొట్టె డబ్బా, ద్రాక్షారసం సీసా పట్టేంత. ముగరూర కూతురు తట్టుతో చనిపోయినప్పుడు గొయ్యి తవ్వింది జెబులోనే. ఇంకెవరినీ పార పట్టుకోనివ్వలేదు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. ముగరూరకు సొంత తమ్ముళ్ళున్నారు గాని, తమ్ముడనే మాట వింటే ఆయనకు గుర్తొచ్చేది జెబులోని మొహమే.

జెబులోనికి ఒక జబ్బు ఉండేది, నిజాయితీ అనే జబ్బు. మంచి జబ్బే, కాని పక్కవాళ్ళకు అంటుకుంటుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రక్షణ పొందినవాళ్ళంతా గుడిలో సహవాసానికి కూడేవాళ్ళు. అక్కడ ఎవరి పాపం వాళ్ళు లేచి పైకి చెప్పుకోవాలి. దాన్నే వెలుగులోకి తేవడం అంటారు. చెప్పుకున్నాక అందరూ పాట ఎత్తుకుని, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ మనిషిని కౌగిలించుకుంటారు. ఆ పాపం వల్ల ఎవరికి నొప్పి కలిగిందో వాళ్ళే ముందు రావాలి. రాకపోతే ఇక పాపం వాళ్ళదే. జెబులోని ప్రతి శుక్రవారం లేచేవాడు. కలలో పక్కింటాయన మీద కోపం వచ్చిందని ఒకసారి, మేకను తిట్టానని ఒకసారి. మేక తరఫున ఎవరు కౌగిలించుకోవాలా అని జనం ముసిముసిగా నవ్వుకున్నారు.

ఈ కథ మొదలైంది బిషాకా అనే ముసలాయన ఇంట్లో. ఆయనకు ఇద్దరు భార్యలు. మొదటి ఆవిడ ఈవాను గుడిలో చేసుకున్నాడు, వేలికి ఉంగరం తొడిగాడు. అందుకే ఊళ్ళో ఆమె ఉంగరం పెళ్ళాం. తర్వాత మెరాబును తెచ్చుకున్నాడు. ఈమె పుట్టింటికి ఆవులిచ్చి తెచ్చుకున్నాడు గాని గుడి మెట్లెక్కించలేదు, ఎక్కించడానికి లేదు కూడా. గుడి లెక్కలో మెరాబు భార్య కాదు కాబట్టి ఆమెకు బల్ల లేదు. ఆదివారం అందరూ లేచి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి ముందుకు పోతుంటే ఆమె వెనక బెంచీలో కూర్చుని ఉండేది. పిల్లల్ని కంది, పెంచింది, మనవల్ని కూడా ఎత్తుకుంది, కూర్చునే ఉంది. వచ్చిన ప్రతి గురువూ ఒకే మాట చెప్పాడు: బిషాకాను వదిలిపెట్టి వచ్చి పశ్చాత్తాపపడితే బల్ల ఇస్తాం.

"వదిలిపెడితే వాళ్ళిద్దరికీ ఎవరు వండి పెడతారు? మీరొచ్చి పెడతారా?" అని ఆమె ఒకసారి ముగరూరనే అడిగింది.

వాళ్ళిద్దరికీ అని ఆమె అనడానికి కారణముంది. ఉంగరం పెళ్ళాం ఈవాకు పక్షవాతం వచ్చి మంచాన పడింది, మాట పోయింది. ఆమెను కడగడం, తిప్పడం, నోట్లో అంబలి పోయడం మెరాబు పని. సవతులు ఒకప్పుడు దుంపల చేను గట్టు మీద జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళే. ఇప్పుడు ఈవా కళ్ళు ఎటు తిరిగితే మెరాబు అటు నడిచేది. నెలనెలా ముగరూర బల్ల పెట్టెతో ఆ ఇంటికి వచ్చి ఈవాకు బల్ల ఇచ్చేవాడు. మెరాబు మంచం పక్కన మోకరించి, ఈవా తలను చేతిమీద ఎత్తి పట్టుకునేది. ద్రాక్షారసం గిన్నె తన మొహానికి జానెడు దూరంలో వచ్చేది, ఈవా పెదవులు తడిపి వెనక్కి పోయేది. ఒలికిన చుక్కను మెరాబు కొంగుతో తుడిచేది. నెలనెలా ఇదే. ఆకలితో ఉన్న మనిషి చేత వడ్డన చేయించినట్టు ఉండేది ముగరూరకు.

వానాకాలంలో మెరాబుకు జబ్బు చేసింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇక దక్కదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆ నెల ముగరూర, జెబులోని పెట్టెతో వెళ్ళేసరికి గదిలో రెండు మంచాలున్నాయి. బిషాకా బయట పొయ్యి దగ్గర చిక్కుడు గింజలు మాడ్చుకుంటున్నాడు. ఈవా తలను ఆ రోజు జెబులోని పట్టుకున్నాడు. ముగరూర రొట్టె తుంచి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఈవా నోరు తెరవలేదు. గడ్డం ఎత్తి అవతలి మంచం వైపు చూపించింది. ఆయన మళ్ళీ పెట్టాడు. ఆమె మళ్ళీ అటే చూపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులు మాత్రం విప్పలేదు.

ముగరూర ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆగిపోయేవాడు. అవతలి మంచం దగ్గరికి పోయి మెరాబు నోట్లో రొట్టె పెట్టాడు. జెబులోని చేతికి గిన్నె అందించి, పట్టించమన్నాడు. జెబులోని ఒకసారి అయ్యగారి మొహం చూసి, పట్టించాడు. మెరాబు కళ్ళు మూసుకుని మింగింది. ఆ తర్వాత ఈవా నోరు తెరిచింది.

దారిలో జెబులోని అడిగాడు. "అయ్యగారూ, మనం చేసింది ఏంది?"

"చచ్చిపోయే మనిషికి దారి బత్తెం ఇచ్చాం. ఆమె రేపో ఎల్లుండో దేవుడి దగ్గరికి పోద్ది. ఆయన అడిగితే నేను చెప్పుకుంటా. నువ్వు మనసులోనే ఉంచుకో," అన్నాడు ముగరూర.

"మీరు చెప్పాక ఇంకేముందిలే," అన్నాడు జెబులోని.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మెరాబు చావలేదు. వారం తిరిగేసరికి లేచి కూర్చుంది. ఇంకో వారానికి పొయ్యి దగ్గర బిషాకాను తిడుతూ ఉంది. నెల తిరిగేసరికి భుజాన పార వేసుకుని చేనుకు పోయింది. ఊరంతా స్తోత్రం చెప్పుకుంది. ముగరూర కూడా చెప్పాడు. తర్వాతి నెల ఆయన ఈవాకు బల్ల ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మెరాబు ఎప్పటిలాగే మోకరించి సవతి తలను ఎత్తి పట్టుకుంది. ఏమీ అడగలేదు. ఆదివారం వెనక బెంచీలోనే కూర్చుంది. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఆమె గొడవ పడి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. అడగకపోవడమే బాధగా ఉండేది.

ఇంతలో జెబులోనికి మంచి కాలం వచ్చింది. గురువు చదువుకు అతన్ని పంపాలని ముగరూర ఎన్నాళ్ళ నుంచో చెబుతూ వస్తున్నాడు. చివరికి ఆర్చ్‌డీకన్ కెజిరోని గారు ఒప్పుకున్నాడు. ఆ కొండల మీది గురువులందరికీ పైవాడు ఆయన. ఒక్క షరతు పెట్టాడు: ఈ మనిషి వెలుగులో నడుస్తున్నాడని, ఇతనిలో దాచిన చీకటి లేదని సహవాసం చెప్పాలి. ఊళ్ళో ఎవరైనా నవ్వుకునే షరతు అది. జెబులోనిలో చీకటా? మేకకు కూడా క్షమాపణ చెప్పుకున్న మనిషి.

ఆ శుక్రవారం గుడి నిండిపోయింది. జెబులోని లేచాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"సోదరులారా, నాలో ఒక చీకటి ఉంది. ఒక పాపం దాచాను. ఆ పాపం నాది కాదు, దాచడం నాది. మెరాబమ్మకు జబ్బు చేసినప్పుడు అయ్యగారు ఆమెకు బల్ల ఇచ్చారు. పెట్టె నేను మోశాను. గిన్నె నా చేత్తో పట్టించాను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్నందుకు మీరంతా నన్ను క్షమించండి."

తర్వాత ఎవరో ముసలామె సన్నగా పాట ఎత్తుకుంది, జనం అందుకున్నారు. పాట పాడుతూనే అందరూ తలలు తిప్పి ముగరూర వైపు చూశారు. మెరాబు అక్కడ లేదు, సహవాసానికి ఆమెను రానిచ్చేవాళ్ళు కాదు. కాబట్టి ముందు లేవాల్సిన మనిషి ఆయనే. నొప్పి తగిలింది ఆయనకే కదా.

ముగరూర లేచి నడిచాడు. తన గుడిలో, తన జనం ముందు, తన మనిషి తన గుట్టు తీసి బజారున పెట్టి, దానికి క్షమాపణ కూడా తననే అడుగుతున్నాడు. నమ్మినవాడు గొంతు కోస్తే అరవడానికైనా ఉంటుంది. ఇక్కడ గొంతు కోసినవాణ్ణి కావలించుకుని స్తోత్రం చెప్పాలి. చెప్పాడు. జెబులోని ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు, ఏడ్చి పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. బరువు దించుకున్న మనిషి తీసుకునే ఊపిరి అది. ఆ ఊపిరి ముగరూర మెడకు తగిలి కాలింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య జెనినాకు కబురు ముందే అందింది. పెదవి దాటిన మాట కొండ దాటదా?

"బాగుంది. తాను స్నానం చేసి ఆ నీళ్ళు మీ నెత్తిన పోశాడు. ఆయన శుభ్రం, మీరు మురికి," అంది దుంపల చెక్కు తీస్తూ.

"వాడు అబద్ధం చెప్పలేదు జెనినా."

"నిజం చెప్పడానికి నిన్నటిదాకా నోరు రాలేదా? చదువుకు పోయే ముందే వచ్చిందా? మీకు ఒక మాట చెప్పి ఉంటే పోయేదిగా. 'అయ్యగారూ, నాకు మనసు ఆగటం లేదు, మీరే చెప్పండి' అని. ఒకే పళ్ళెంలో తిన్నాడుగా."

ముగరూరను తినేస్తున్నదీ అదే. ఒక్క మాట తన చెవిన వేసి ఉంటే తానే లేచి చెప్పుకునేవాడు. చెప్పుకునేవాణ్ణని ఆ సాయంత్రం ఆయన గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం ఎంతటిదో తర్వాత తేలింది.

ఆ పై వారం ఆదివారం ఆరాధన అయ్యాక విచారణ అని ఆర్చ్‌డీకన్ కబురు పెట్టాడు. ఏం జరుగుతుందో ముగరూరకు తెలుసు. రుజువైతే బల్ల దగ్గర నిలబడే అధికారం తీసేస్తారు. ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లల్ని బడి మాన్పించాలి, తోటలో వేసిన దుంపలు ఇంకెవరో తవ్వుకుంటారు. ఈ వయసులో తమ్ముళ్ళ వాకిట్లోకి బట్టల పెట్టె పట్టుకుని పోవాలి. వారమంతా ఆయన తన పనులు తాను చేసుకుంటూ పోయాడు. రెండు శవాలను సమాధి చేశాడు, ఒక పెళ్ళి ప్రకటన చదివాడు, తేనెపట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ములను కలిపాడు. అన్నదమ్ములను కలుపుతూ, ఒకరి గుట్టు ఒకరు కాపాడుకోవాలి అనబోయి మధ్యలో ఆగిపోయాడు.

విచారణ గుడిలోనే జరిగింది. బల్ల ముందు ఒక కుర్చీ వేసి ఆర్చ్‌డీకన్‌ను కూర్చోబెట్టారు. కెజిరోని చెడ్డవాడు కాదు. లావాటి మనిషి, గొడవలంటే ఇష్టం లేదు, మధ్యాహ్నం భోజనానికి ఇంకో పారిష్‌కు పోవాలి. అందుకే ఆయన దారి తీసి చూపించాడు.

"యైరో, మనిషి చావుబతుకుల్లో ఉంది. నువ్వు ప్రార్థన చేసి ఉంటావు. దాహానికి ఏదో పట్టించి ఉంటావు. చూసినవాడు ఇంకో రకంగా అనుకున్నాడు. అంతేగా?"

అవునంటే అబద్ధం, కాదంటే ఇల్లు పోతుంది. ముగరూర బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ వైపు చూశాడు. అంచున దారంతో కుట్టిన సిలువలున్నాయి.

"ఆమెనే అడగండి," అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు తాను తెలివిగా తప్పుకున్నాననుకున్నాడు. ఆమె నిజం చెబితే అది దేవుడి చిత్తం, తనది కాదు. మనిషికి ధైర్యం లేనప్పుడు దేవుడి చిత్తం బాగా పనికొస్తుంది.

మెరాబును పిలిచారు. వెనక బెంచీలోంచి లేచి, అంత జనం మధ్యగా, ఎప్పుడూ అడుగు పెట్టని చోటికి నడిచి వచ్చింది. బల్ల ముందున్న కొయ్య అడ్డకమ్మీ దగ్గర ఆగింది.

"అమ్మా, జబ్బులో ఉన్నప్పుడు అయ్యగారు నీకు బల్ల ఇచ్చారా?" అన్నాడు ఆర్చ్‌డీకన్.

"బల్లా? నాకా?" అని మెరాబు నవ్వింది. "నాకెవరిస్తారు నాయనా? ఆయన పట్టించింది దగ్గుమందు. ఎర్రగా, తియ్యగా ఉంది. ఆ రోజు దగ్గుతో నా ప్రాణం పోతందిగా."

"రొట్టె?"

"గంజి నీళ్ళే దిగని గొంతు. రొట్టె యాడ దిగుద్ది?"

జెబులోని లేచి నిలబడ్డాడు. "అమ్మా, గిన్నె నేనే పట్టుకున్నానుగా."

"పట్టుకున్నావు నాయనా. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తా పట్టుకున్నావు. నువ్వు భక్తిపరుడివి, కళ్ళు తెరిచి ప్రార్థన చెయ్యవుగా. నీకేం కనపడుద్ది?"

గుడంతా పగలబడి నవ్వింది. ఆర్చ్‌డీకన్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులో మెరాబు మాత్రం నవ్వలేదు. తల తిప్పి ముగరూర వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు ఆయన మీదే ఉంది. జెబులోని కూడా చూస్తున్నాడు. ముగరూర ఆ గుడ్డ అంచున ఉన్న సిలువలు చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరవాలని ఆయనకు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. దాని వెనకే ఇల్లు వచ్చింది, దుంపల తోట వచ్చింది, తమ్ముడి వాకిలి వచ్చింది. మాట వెనక్కి పోయింది.

"సరే, తేలిపోయింది," అన్నాడు ఆర్చ్‌డీకన్ లేస్తూ. "జెబులోనీ, తొందరపడి ఒక దైవసేవకుడి మీద నింద వేశావు. చదువు సంగతి ఇక తర్వాత చూద్దాం. ముందు క్షమాపణ చెప్పుకో."

జెబులోని నడిచి వచ్చి ముగరూర కాళ్ళ దగ్గర మోకరించాడు. నింద వేశానని, తన కళ్ళు తనను మోసం చేశాయని, క్షమించమని చెప్పాడు. జనం పాట ఎత్తుకున్నారు. ముగరూర అతన్ని లేపి కౌగిలించుకోవాలి, అది పద్ధతి. లేపాడు. కౌగిలించుకున్నాడు. ఈసారి జెబులోని ఊపిరి తేలికపడలేదు.

"నా కళ్ళు తెరిచే ఉన్నాయి అయ్యగారూ," అన్నాడు చెవి దగ్గర, పాటలో ఎవరికీ వినపడకుండా. "మీ గుట్టు బయట పెట్టాను, నిజమే. మీరు నన్ను అబద్ధాలకోరును చేశారు. ఇక లెక్క సరిపోయిందా?"

ఆ రోజు వరకూ ద్రోహం తనకు జరిగిందని ముగరూర కుమిలిపోయాడు. ఇప్పుడు తన చేతుల మధ్య ఉన్న మనిషి కూడా అలాగే కుమిలిపోతున్నాడు. జెబులోనిని అవతలి కొండ మీది చిన్న గుడికి మార్చారు. పోయేముందు అతను చెప్పడానికి రాలేదు.

ఆ నెల ఈవాకు బల్ల ఇవ్వడానికి ముగరూర ఒక్కడే వెళ్ళాడు. పెట్టె తానే మోసుకున్నాడు. కొండ ఎక్కుతూ ఒక నిశ్చయానికి వచ్చాడు. ఈసారి మెరాబుకు కూడా ఇస్తాను, ఎవరు చూసినా సరే, పైవాళ్ళు అడిగితే అవునంటాను. ఆ నిశ్చయం చేసుకున్నాక ఆయనకు మనసు కాస్త కుదుటపడింది. ఈవాకు ఒక ముక్క, మెరాబుకు ఒక ముక్క తుంచి ప్రార్థన చేశాడు. మెరాబు మామూలుగానే సవతి తల ఎత్తి పట్టుకుంది. ఈవా పుచ్చుకుంది. మెరాబు ఆమె పెదవులు తుడిచి, తలగడ సర్ది, లేవబోయింది.

ముగరూర రెండో ముక్క ఆమె వైపు చాపాడు.

మెరాబు దాన్ని చూసింది. చెయ్యి చాపలేదు.

"వద్దు నాయనా."

"తీసుకో తల్లీ. ఈసారి ఎవరడిగినా నేను చెబుతా."

"ఎట్టా తీసుకోను? పుచ్చుకోలేదని గుళ్ళో నిలబడి చెప్పినదాన్ని. దేవుడు విన్నాడుగా."

"నా కోసం చెప్పావు. ఆ తప్పు నాది."

"నీ కోసమే చెప్పాను. నీ పిల్లలు రోడ్డున పడతారని చెప్పాను," అంది మెరాబు. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "అబద్ధం చెప్పడం నా వంతు అనుకున్నా. కాదనడం నీ వంతు అనుకున్నా. 'లేదు, ఆమె నిజంగానే పుచ్చుకుంది' అంటావని నీ వంక చూశా. ఎంతసేపు చూశానో నీకు తెలుసు. నువ్వు గుడ్డ వంక చూస్తా ఉండిపోయావు."

ముగరూర చెయ్యి ఇంకా చాపే ఉంది.

"బతుకంతటికీ ఒక్కసారి పుచ్చుకున్నా," అంది ఆమె. "దాన్ని దగ్గుమందని నా నోటితోనే అన్నా. నువ్వు ఊరుకున్నావు. ఇక అది దగ్గుమందే నాయనా."

ఆమె మళ్ళీ మోకరించలేదు. ఈవా దుప్పటి సర్దుతూ అటు తిరిగింది.

ప్రార్థన చేసిన రొట్టె మిగిలితే డబ్బాలో పెట్టుకుని పోకూడదు, పారేయకూడదు. గురువు అక్కడే తినేయాలి. అది గుడి నియమం. ముగరూర మెరాబు ముక్కను తన నోట్లో పెట్టుకున్నాడు. ఎంత నమిలినా దిగలేదు. అది చూసి మెరాబు లోపలికి పోయి సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది.